స్వదేశీ ఎలక్ట్రానిక్స్ నిర్మాత – డాక్టర్ ఎ.ఎస్. రావు

1960వ దశకంలో హైదరాబాదు నగరానికి చెరొక దిక్కున రెండు పెద్ద కర్మాగారాలు వెలిశాయి. పడమట, సంగారెడ్డికి సాగే రహదారిపై, రామచంద్రాపురం వద్ద చెకొస్లోవేకియా సాంకేతిక సహకారంతో విద్యుదుత్పాదక యంత్రాల కర్మాగారం ఏర్పడింది. నేటి బి.హెచ్.ఇ.ఎల్. అదే. దానిని ఆనుకొని పటాన్‌చెరు పారిశ్రామిక వాడ క్రమంగా విస్తరించింది. తూర్పున, కుషాయిగూడ సమీపంలో, 1967 ఏప్రిల్ 11న నెలకొన్నది ఇ.సి.ఐ.ఎల్. అనగా భారత ఎలక్ట్రానిక్స్ సంస్థ. దీనికి ఏ విదేశీ సంస్థా తోడు నిలువలేదు. భారతీయ శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో ఏళ్ళ తరబడి గడించిన అనుభవమే దీనికి పెట్టుబడి. ఆ శాస్త్రజ్ఞులకు నాయకత్వం వహించి, ఈ సంస్థకు తొలి సారథి అయిన మహనీయుడు డాక్టర్ అయ్యగారి సాంబశివరావు. దేశం ఆయనను ఎ.ఎస్. రావుగా ఎరుగును.

సాంబశివరావు 1914 సెప్టెంబరు 20న పశ్చిమ గోదావరి ప్రాంతంలోని ఒక పల్లెటూరిలో జన్మించారు. పూర్వం మన పండితులు శాస్త్రాధ్యయనానికై కాశీకి పోయేవారు. ఈ యువకుడూ కాశీకే పోయారు; అయితే ఆయన అభ్యసించినది భౌతిక శాస్త్రం. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. పూర్తిచేసి, కొంతకాలం అక్కడే అధ్యాపకులుగా పనిచేశారు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విద్యుత్ ఇంజనీరింగ్ అభ్యసించారు. తిరిగి వచ్చి, డాక్టర్ హోమీ భాభా బొంబాయిలో స్థాపించిన టాటా మౌలిక పరిశోధన సంస్థలో చేరారు.

అణుశాస్త్ర పరిశోధనకు సూక్ష్మమైన కొలత సాధనాలు కావాలి. కంటికి కనబడని కిరణాన్ని, కణాన్ని పట్టి లెక్కించేవి ఎలక్ట్రానిక్ పరికరాలే. విదేశాల నుండి వాటిని తెప్పించుకోవాలంటే విలువైన విదేశీ మారకద్రవ్యం వెచ్చించాలి. అవి వచ్చేవరకు పరిశోధన ఆగిపోవాలి. వచ్చినవి చెడిపోతే బాగుచేసే నేర్పు మనవారికి ఉండాలి. ఈ చిక్కులన్నింటికీ రావుగారు ఎంచుకున్న పరిష్కారం ఒక్కటే: పరికరాలను మనమే చేసుకోవడం. ప్రయోగశాలలో ఒక మూల మొదలైన ఈ పని కొద్ది సంవత్సరాలలోనే ట్రాంబేలోని అణుశక్తి సంస్థలో ఒక పెద్ద విభాగంగా ఎదిగింది.

ఆ శ్రమకు తొలి పరీక్ష అప్సర రియాక్టరు. రియాక్టరులో యురేనియం పరమాణువు విచ్ఛిన్నమైనపుడు న్యూట్రాన్లు వెలువడతాయి. అవి మరికొన్ని పరమాణువులను విచ్ఛిన్నం చేస్తాయి. ఈ గొలుసు చర్య అదుపులో ఉండాలంటే న్యూట్రాన్ల తీవ్రతను క్షణక్షణం గమనిస్తూ ఉండాలి. గ్రాహక సాధనం నుండి వచ్చే సంకేతం అతి బలహీనమైనది. దానిని వృద్ధిచేసి, కొలిచి, తీవ్రత హద్దుమీరిన మరుక్షణమే నియంత్రణ కడ్డీలు తమంతట తామే లోనికి దిగి చర్యను ఆపివేసేటట్లు ఏర్పాటు చేయాలి. ఇందులో లోపం ఏర్పడితే దాని ఫలితం అక్కడ పనిచేసేవారి ప్రాణాలకే ముప్పు. అప్సరకు ఇంధనాన్ని బ్రిటన్ సమకూర్చింది. నియంత్రణ వ్యవస్థను రావుగారి బృందం స్వయంగా నిర్మించింది. 1956 ఆగస్టు 4న అప్సర పనిచేయడం ప్రారంభించింది. సోవియట్ యూనియన్‌ను మినహాయిస్తే ఆసియా ఖండంలో అదే తొలి రియాక్టరు.

1962లో చైనాతో జరిగిన యుద్ధం దేశానికి ఒక కఠిన సత్యాన్ని బోధించింది. రక్షణకు అవసరమైన ఎలక్ట్రానిక్ సామగ్రి కోసం పరుల ముఖం చూసే దేశం ఆపత్కాలంలో నిస్సహాయమవుతుంది. మరుసటి సంవత్సరం ప్రభుత్వం భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ సంఘాన్ని నియమించింది. విక్రం సారాభాయ్, సూరి భగవంతం, ఎ.ఎస్. రావు అందులో సభ్యులు. 1966 జనవరి 24న భాభా విమాన ప్రమాదంలో మరణించారు. మార్గదర్శి కన్నుమూసినా సంకల్పం సడలలేదు. పదిహేను నెలలు తిరగకముందే ట్రాంబేలో పండిన విద్య హైదరాబాదు నేలపై కర్మాగారంగా రూపుదాల్చింది.

ప్రయోగశాలలో ఒక పరికరం చేయడం వేరు. అదే నాణ్యతతో వేల పరికరాలు చేయడం వేరు. ఇ.సి.ఐ.ఎల్. రెండవ విద్యను కూడా సాధించింది. అణు పరికరాలతో పాటు విడిభాగాలను, నియంత్రణ వ్యవస్థలను తయారుచేసింది. ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.-12తో మొదలుపెట్టి కంప్యూటర్లను నిర్మించింది. ఇ.సి. టీవీ పేరిట టెలివిజన్‌ను సామాన్యుల ఇంటికి చేర్చింది. 1975 ఆగస్టు 1 నుండి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా గ్రామాలకు పాఠాలు ప్రసారం చేసే గొప్ప ప్రయోగం జరిగింది. అందుకై ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలలో నెలకొల్పిన టెలివిజన్ సెట్లు ఇ.సి.ఐ.ఎల్. చేసినవే. సంగారెడ్డి కేంద్రంగా ఉన్న నాటి మెదక్ జిల్లా పల్లెలు కూడా వాటిలో ఉన్నాయి. వార్తాపత్రిక చేరని ఊళ్ళో కోళ్ళగూటికి కట్టే తీగవల వంటి వలతో చేసిన యాంటెన్నా ఆకాశం నుండి బొమ్మను దింపిందంటే, ఆ ఊరివారికి అది ఎంతటి విస్మయమో ఊహించవచ్చు.

రావుగారి సేవలను ప్రభుత్వం 1960లో పద్మశ్రీ, 1972లో పద్మభూషణ్ పురస్కారాలతో గౌరవించింది. 1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి ఆయనను వరించింది. కర్మాగారం చెంత ఉద్యోగులు నిర్మించుకున్న కాలనీకి ఎ.ఎస్. రావు నగర్ అని పేరు పెట్టుకున్నారు. 2003 అక్టోబరు 31న ఆయన పరమపదించారు.

కాలం ఏ కర్మాగారాన్నీ ఒకే తీరున ఉండనివ్వదు. 1982లో రంగుల టెలివిజన్ ప్రసారాలు మొదలయ్యాక, విదేశీ విడిభాగాలను తెచ్చి కూర్చి అమ్మే సంస్థలు పుట్టుకొచ్చాయి. ఆ పోటీలో ఇ.సి. టీవీ క్రమంగా కనుమరుగైంది. పరదేశాలలో దొరికే వస్తువును ఇక్కడ శ్రమపడి చేయడమెందుకని అప్పుడు కొందరికి తోచవచ్చు. కాని వస్తువు పోయినా దానిని చేసిన విద్య పోలేదు. ఇ.సి.ఐ.ఎల్.లో ఆరితేరిన ఇంజనీర్లలో పలువురు బయటికి వచ్చి సొంత పరిశ్రమలు స్థాపించారు. మన ఎన్నికలలో వాడే ఓటింగు యంత్రాలను తయారుచేసే రెండు ప్రభుత్వరంగ సంస్థలలో ఇ.సి.ఐ.ఎల్. ఒకటి. 2004 లోక్‌సభ ఎన్నికలలో దేశమంతటా ఓటర్లు మీట నొక్కి తమ తీర్పు చెప్పారు. ఆ మీట వెనుక ఉన్న విద్యకు మూలం, ఒకనాడు బొంబాయి ప్రయోగశాలలో పరికరాలను మనమే చేసుకుందామని పూనుకొన్న ఒక తెలుగు భౌతిక శాస్త్రజ్ఞుని నిశ్చయంలో ఉంది.