పరపతి పోయిన వానికి పూటకాపు ఎవరు?

పరపతి అనే మాటకు మన భాషలో రెండు అర్థాలున్నాయి. అప్పు పుట్టడం ఒకటి, ఊరిలో మాట చెల్లడం రెండోది. ఒకటి పోయిన ఇంట రెండోదీ నిలవదు. జహీరాబాద్ చుట్టుపక్కల అల్లం, ఆలుగడ్డ, చెరకు వేసి ధర పడిపోయి మునిగిన రైతులున్నారు. ఉద్దెర పెరిగిపోయి దుకాణం మూసుకున్నవారున్నారు. ఐపీ పెట్టాడన్న మాట ఒకసారి వచ్చిందంటే బ్యాంకు మేనేజరు సిబిల్ స్కోరు చూసి తల అడ్డంగా ఊపుతాడు. ఇక మిగిలేది నెలకు నూటికి అయిదు మిత్తి అడిగేవాడే. అలాంటి కుటుంబాలు మెల్లగా ఆదివారపు ఆరాధనకు రావడం కూడా మానేస్తాయి. అప్పిచ్చినవారు పక్క బెంచీలోనే కూర్చుంటారు గనుక.

పోయిన పరపతి తిరిగి నిలబడుతుందా? ఈ ప్రశ్నకు తన జీవితమంతా జవాబు వెదికిన ఒక విశ్వాసి చరిత్రను ఈ వారం మా పాఠకుల ముందుంచుతున్నాము. ఆయన పేరు ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ రైఫైజెన్. నేడు మన మండలాల్లో కనిపించే వ్యవసాయ పరపతి సంఘాల మూలాలు వెదుకుతూ పోతే ఆయన దగ్గరకే చేరుతాము.

రైఫైజెన్ 1818 మార్చి 30న జర్మనీలోని హామ్ అనే చిన్న ఊరిలో పుట్టాడు. ఉన్నత పాఠశాలకు పంపే స్తోమత ఆ ఇంటికి లేదు. స్థానిక సంఘ కాపరి జైపెల్ ఆ పిల్లవాణ్ణి చేరదీసి పాఠాలు చెప్పాడు. వాక్యము మీద భక్తి, పేదల మీద కనికరం అక్కడే వేరు పట్టాయి. పదిహేడేళ్లకు ఫిరంగి దళంలో చేరాడు గాని కంటి జబ్బు వల్ల 1843లో సైన్యం విడిచిపెట్టవలసి వచ్చింది. 1845లో వేయర్‌బుష్ అనే ఊరికీ దాని చుట్టూ ఉన్న పల్లెలకూ మేయరుగా నియమితుడయ్యాడు.

మరుసటి ఏడే పంట పోయింది. 1846–47 చలికాలంలో ఆకలి ఇల్లిల్లూ తట్టింది. ప్రభుత్వం పిండి పంపింది గాని రొక్కం ఇచ్చినవారికే అమ్మాలని షరతు పెట్టింది. రొక్కమే లేని ఊరిలో ఆ షరతు పిండిని గోదాములోనే ఉంచేది. రైఫైజెన్ పైవారి ఆజ్ఞను పక్కన పెట్టి పిండిని అప్పుగా ఇచ్చాడు. కలిగినవారిని కూర్చోబెట్టి నిధి పోగుచేశాడు, ఊరికి రొట్టెల పొయ్యి కట్టించాడు. బజారు ధర కంటే చాలా చవకగా రొట్టె దొరికింది. పంట వచ్చాక తీర్చమన్నాడు. జనం తీర్చారు. చేతిలో ఏమీ లేనివాడు మాట తప్పుతాడన్న లోకపు లెక్క అక్కడ తప్పింది.

1848లో ఆయన ఫ్లామర్స్‌ఫెల్డ్‌కు బదిలీ అయ్యాడు. అక్కడ రైతును కుంగదీసింది పశువుల అప్పు. ఆవును అరువిచ్చిన వ్యాపారి మిత్తి మీద మిత్తి కట్టి చివరకు ఆవునూ, కొన్నిచోట్ల భూమినీ పట్టుకుపోయేవాడు. 1849లో దాదాపు అరవైమంది కలిగినవారు తమ ఆస్తి మొత్తం పూచీగా పెట్టి ఒక సంఘం ఏర్పరచారు. సంఘమే పశువును కొని రైతుకిచ్చేది, రైతు అయిదేళ్లలో వాయిదాలుగా తీర్చేవాడు.

1852లో హెడ్డెస్‌డార్ఫ్ చేరిన తరువాత ఆయన ఇంకా పెద్ద పని తలపెట్టాడు. 1854లో మొదలుపెట్టిన పరోపకార సంఘం అనాథ పిల్లలను చూసుకోవాలి, చెరసాల నుండి విడుదలైనవారికి పని చూపాలి, పేద రైతులకు అప్పివ్వాలి. సమాజం కొట్టివేసిన పేర్లన్నీ ఆ పట్టికలో ఉన్నాయి. అయితే కొన్నేళ్లకు కలిగినవారి ఉత్సాహం చల్లారింది. ఒక్కొక్క పనీ ఆగిపోగా అప్పుల విభాగమే మిగిలింది.

రైఫైజెన్ ఇక్కడ ఒక పాఠం నేర్చుకున్నాడు, అదీ అయిష్టంగానే. ధనవంతుల దయ మీద నిలిచినది వారి దయ తగ్గగానే కూలుతుంది. పైగా దానం తీసుకున్నవాడు ఎప్పటికీ తీసుకునేవాడిగానే ఉండిపోతాడు. అందుకే 1864లో ఆ సంఘాన్ని మార్చి అప్పు కావలసినవారే సభ్యులుగా ఉండే పరపతి సంఘంగా నిలబెట్టాడు. దాని నియమాలు తేలికైనవి. సంఘం ఒక్క ఊరికో, కొన్ని పల్లెలకో పరిమితం. అందరి అప్పుకు అందరూ పూచీ. అప్పు దేనికో ముందే చెప్పాలి, దానికే వాడాలి. పంట వచ్చేదాకా ఆగగలిగేంత గడువు, చిన్న చిన్న వాయిదాలు. లెక్కలు రాసే ఉద్యోగికి తప్ప పెద్దలెవరికీ జీతం లేదు. మిగులును పంచుకోరు, అది ఎవరూ చీల్చలేని నిల్వనిధిగా ఉంటుంది.

ఈ పని ఆయన సుఖంగా కూర్చుని చేయలేదు. 1863లో భార్య ఎమీలి మరణించింది. జబ్బు, కంటిచూపు తగ్గడం వల్ల 1865లో పదవి విడిచాడు. వచ్చే పింఛను చాలక చుట్టల కార్ఖానా, తరువాత ద్రాక్షారస వ్యాపారం నడిపాడు. తాను నేర్చుకున్నదంతా చెబుతుంటే పెద్ద కూతురు అమాలియె రాసేది. 1866లో ఆ గ్రంథం అచ్చయింది, ఊరూరా సంఘాలు లేచాయి. 1888 మార్చి 11న, డెబ్బై ఏళ్లు నిండడానికి కొన్ని రోజుల ముందు, ఆయన ప్రభువునందు నిద్రించాడు.

ఆయనను మేము మచ్చలేనివానిగా చూపడం లేదు. యూదు వ్యాపారుల గురించి ఆయన నోట వచ్చిన మాటల్లో ఆ కాలపు ద్వేషం ఉంది. వడ్డీ పాపాన్ని ఒక జాతికి అంటగట్టడం సువార్తకు విరుద్ధం. ఆ మాటలను విడిచిపెట్టి ఆయన చేసిన పనిని తీసుకుందాము.

ఆ పని మనదాకా వచ్చిన దారి ఇది. మద్రాసు ప్రభుత్వం రైతుల అప్పుల విషయం పరిశీలించమని ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని నియమించింది. 1895, 1897 సంవత్సరాల్లో వచ్చిన ఆయన నివేదిక సారాంశం మన దేశానికీ ఒక రైఫైజెన్ కావాలన్నదే. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. నిజాం రాజ్యంలో అటువంటి చట్టం 1914లో వచ్చింది.

ఇక్కడ వాక్యము చదివేవారికి ఒక సందేహం రావాలి. సామెతల గ్రంథం పూటపడవద్దని పదేపదే హెచ్చరిస్తుంది కదా? ఆ హెచ్చరిక నిజం. ముఖం ఎరుగని వానికి, మొహమాటానికి, లెక్క చూడకుండా సంతకం పెట్టి ఇల్లు పోగొట్టుకున్నవారు మన సంఘాల్లోనూ ఉన్నారు. రైఫైజెన్ కూడా ఆ అపాయాన్ని ఎరుగును. అందుకే ఒకరినొకరు ఎరిగిన ఊరికే సంఘాన్ని పరిమితం చేశాడు, త్రాగుబోతుకు తాగడానికి అప్పివ్వనివ్వలేదు. వివేకం కలిగిన పూచీ వేరు. బెన్యామీను కోసం యూదా పూటపడ్డాడు. ఒనేసిము బాకీని పౌలు తన లెక్కలో వేసుకున్నాడు. హెబ్రీ పత్రిక మన ప్రభువునే పూటకాపు అని పిలుస్తుంది.

పదిమంది పూచీ ప్రేమ లేకుండా నడిస్తే ఏమవుతుందో కూడా మనం చూశాము. మైక్రోఫైనాన్స్ సంస్థలు మహిళల గుంపుల పూచీ మీదే అప్పులిచ్చాయి. వాయిదా తప్పిన స్త్రీ ఇంటి ముందు తోటి స్త్రీలనే కూర్చోబెట్టి అవమానించిన సంఘటనలు ఆనాటి ఉమ్మడి రాష్ట్రాన్ని కుదిపాయి. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. రైఫైజెన్ సంఘంలో మిగులు ఊరిదే, ఇక్కడ లాభం ఎక్కడో ఉన్న పెట్టుబడిదారునిది. తేడా అక్కడుంది.

మంచి ఉదాహరణ కోసం జర్మనీ దాకా పోనక్కరలేదు. మన జహీరాబాద్ పక్కనే పస్తాపూర్ ఉంది. అక్కడి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. బీడు పడిన భూముల సాగుకు సంఘం పెట్టుబడి ఇస్తే రైతులు ఏటా కొంత జొన్నగా తిరిగి కట్టారు. ఆ జొన్న ఊరిలోని పేదలకు చవకగా అందింది. ఏ బ్యాంకూ నమ్మని చేతులు ఊరికి అన్నం పెట్టాయి.

ఎలీషా దినాల్లోని విధవరాలిని తలంచండి. అప్పులవాడు ఆమె కుమారులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. అద్భుతం చేసినవాడు దేవుడే. అయితే ఆ నూనె పోయడానికి వట్టి పాత్రలు ఎరువిచ్చింది ఇరుగుపొరుగువారు. అంత అప్పులో ఉన్న ఇంటికి పాత్రలివ్వడానికి వారు వెనుకాడలేదు. ఆమె కూడా నూనె అమ్మి మొదట అప్పు తీర్చింది, మిగిలినదానితో బ్రతికింది.

మన సంఘాలు ఇవ్వగలిగిన పాత్రలు కొన్ని ఉన్నాయి. అప్పుల్లో పడిన కుటుంబంతో ఇద్దరు నమ్మకమైన పెద్దలు కూర్చుని, ఎవరికెంత ఇవ్వాలో గుట్టుగా పట్టిక రాయవచ్చు. అప్పిచ్చినవారితో మాట్లాడి వాయిదాలు కుదర్చవచ్చు. తీరిన ప్రతి బాకీకి రసీదు, బ్యాంకు నుండి నో డ్యూ పత్రం తీసుకునేలా చూడవచ్చు. సహకార సంఘంలోనో పొదుపు సంఘంలోనో చేర్పించి, చిన్న అప్పు తీసుకుని గడువుకు తీర్చే అలవాటు నేర్పవచ్చు. అలా తీర్చిన ఒక్కొక్క వాయిదాతో పోయిన మాట తిరిగి వస్తుంది. అప్పిచ్చి నష్టపోయిన సహోదరుని నొప్పినీ మరువకూడదు, అతని బాకీ తీరితేనే ఆ బెంచీలో సమాధానం. ప్రసంగవేదిక మీద నుండి మాత్రం ఎవరి అప్పు ఊసూ ఎత్తవద్దు.

కొన్ని వారాలుగా మీ సంఘంలో కనిపించని కుటుంబం ఏదో ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. ఈ ఆదివారం వారి ఇంటికి వెళ్లండి. మన అప్పు పత్రాన్ని సిలువకు కొట్టిన ప్రభువు మీకు తోడైయుండును గాక.