వట్టి కాళ్ల వీరుడు – మహమ్మద్ సలీం

వృక్షములలో తొలకరికే పుష్పించునవి కొన్ని, చిరకాలము వేచి పుష్పించునవి కొన్ని. మానవులయందును ఇట్టి భేదము కలదు. ఇరువది యేండ్లకే పేరు గడించువారు పెక్కుమంది గల ఫుట్‌బాల్ క్రీడయందు, ముప్పది యేండ్లు వచ్చిన పిమ్మట కీర్తికెక్కినవాడు కలకత్తా నివాసి మహమ్మద్ సలీం.

సలీం 1904వ సంవత్సరమున కలకత్తాలోని మేటియాబ్రూజ్ ప్రాంతమున సామాన్య కుటుంబమునందు జన్మించెను. 1911లో మోహన్ బగాన్ జట్టు ఆంగ్ల సైనికుల జట్టునోడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డును గెలుచుకొనెను. ఆ జట్టులో ఒక్కడు దక్క తక్కినవారందరును వట్టి కాళ్లతో ఆడినవారే. బూట్లు తొడిగిన పాలకులను ఓడించుట సాధ్యమేయని ఆ దినమున వంగదేశమునకు తెలిసెను. ఏడేండ్ల సలీం మనస్సునను ఆ విజయము నాటుకొనెను.

1926లో చిత్తరంజన్ క్లబ్బునందు ఆతని ఆట మొదలయ్యెను. పిమ్మట స్పోర్టింగ్ యూనియన్, ఈస్ట్ బెంగాల్, ఆర్యన్స్ మున్నగు జట్లలో ఆడెను. ఎనిమిదేండ్లు గడచినను చెప్పుకోదగిన కీర్తి రాలేదు. అయినను ఆతడు ఆటను విడువలేదు. ఆతని స్థానము కుడి అంచు. మైదానపు గీత వెంబడి బంతిని నడుపుకొనిపోయి, అడ్డువచ్చువానిని తప్పించి, గోలు ముందరనున్న సహచరునకు బంతినందించుట ఆ స్థానమువాని ధర్మము. గోలు కొట్టిన కీర్తి తరచుగా ఇతరులకే దక్కును.

1934లో సలీం మహమ్మదన్ స్పోర్టింగ్ జట్టున చేరెను. ఆ యేడే ఆ జట్టు కలకత్తా లీగును గెలిచెను. 1898లో ఆరంభమైన ఆ పోటీయందు భారతీయ జట్టు ప్రథమస్థానము పొందుట అదియే మొదటిసారి. 1938 వరకు వరుసగా ఐదేండ్లు ఆ గౌరవము దానికే దక్కెను.

1936లో ఇంగ్లండునందుండిన బంధువొకడు సలీం నైపుణ్యమును చూచి, ఆతనిని ఓడనెక్కించి తీసికొనిపోయెను. వారు స్కాట్లండులోని గ్లాస్గో నగరము చేరిరి. అచ్చటి సెల్టిక్ సంఘము జీతమిచ్చి ఆటగాండ్రను పోషించు ప్రసిద్ధ సంఘము. దాని నిర్వాహకుడు విల్లీ మేలీ. వట్టి కాళ్లతో ఆడువాడు బూట్లు ధరించిన వృత్తిక్రీడాకారుల యెదుట నిలువగలడా యను సందేహము పరీక్షతో తీరిపోయెను. శిక్షకుడు జిమ్మీ మెక్‌మెనమీ స్వయముగా సలీం పాదములకు కట్లు కట్టెను. ఆగస్టు 28వ తేదీన గాల్‌స్టన్ జట్టుపై సెల్టిక్ 7-1గా గెలిచెను. హామిల్టన్ జట్టుతో జరిగిన ఆటలో సలీం ఒక పెనాల్టీ గోలును సాధించెను. స్కాట్లండు పత్రికలు ఆ పాదముల నేర్పును వేనోళ్ల కొనియాడెను. అప్పటికాతనికి 32 ఏండ్లు.

సంఘమువారు ఉండుమని కోరిరి. కాని సలీం మనస్సు స్వదేశముపైననే యుండెను. ఆతని గౌరవార్థము ఆటను జరిపి రాబడిలో భాగమిత్తుమనగా, దానిని అనాథబాలల కిమ్మని చెప్పి స్వదేశమునకు మరలివచ్చి, తిరిగి తన జట్టుననే చేరెను.

వార్ధక్యమున సలీం వ్యాధిగ్రస్తుడు కాగా, కుమారుడు వైద్యమునకు ధనసహాయము కోరుచు సెల్టిక్ వారికి లేఖ వ్రాసెను. వారు నూరు పౌండ్ల డ్రాఫ్టు పంపిరి. కుమారునకు ధనాపేక్ష లేదు. తన తండ్రి వారికి జ్ఞాపకమున్నాడా యని తెలిసికొనుటకే ఆతడు వ్రాసెను. ఆ డ్రాఫ్టును మార్చుకొనక కుటుంబమువారు పదిలపరచుకొనిరి. 1980లో సలీం స్వర్గస్థుడయ్యెను.

రెండు ఆటలకే కొందరు ఇంతటి కీర్తి యేల యని తలంపవచ్చును. ఆ రెండు ఆటల వెనుక పదేండ్ల సాధన కలదు. వయస్సు మీరినదని పుస్తకమును మూసివేయువారు సలీంను తలచుకొందురుగాక. ముప్పదవ యేట గ్రంథాలయపు గడప తొక్కినవాడును చదువరియే. ఆలస్యముగా వచ్చినంత మాత్రమున విద్య వానికి తలుపు మూయదు.