గుర్రం నోట కథ చెప్పించిన అన్నా స్యూయెల్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం వ్రాసి ఇవ్వమని కార్యదర్శిగారు నన్ను కోరారు. దేశనాయకుల గురించి, కవుల గురించి వ్రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను వేరొక దారి పట్టాను. నేను పరిచయం చేయబోయే ఆమె ఏ పదవీ నిర్వహించలేదు. పధ్నాలుగో ఏట కాళ్ళు దెబ్బతిని, జీవితమంతా కుంటుతూనే గడిపింది. వ్రాసింది ఒకే ఒక్క పుస్తకం. అది అచ్చయిన అయిదు నెలలకు కన్నుమూసింది. ఆమె పేరు అన్నా స్యూయెల్. ఆ పుస్తకం 'బ్లాక్ బ్యూటీ'. మా తరంలో చాలామంది దాని సంక్షిప్త రూపాన్ని హైస్కూల్లో ఇంగ్లీషు నాన్ డిటెయిల్డ్‌గా చదువుకున్నాం. పిల్లల పుస్తకమని అప్పుడు అనుకున్నాం. ఉద్యోగ విరమణ తరువాత పూర్తి పుస్తకం చదివితే అది పెద్దల కోసం, అందులోనూ కష్టజీవుల కోసం వ్రాసినదని తెలిసింది.

గుర్రపు పందేల మీద, స్వారీ మీద ఇంగ్లీషులో నవలలకు కొదవలేదు. ఎనిడ్ బాగ్నాల్డ్ 1935లో వ్రాసిన 'నేషనల్ వెల్వెట్'లో లాటరీలో గుర్రాన్ని గెలుచుకున్న ఒక ఆడపిల్ల, మగవేషంలో గ్రాండ్ నేషనల్ పందెంలో స్వారీ చేస్తుంది. స్వయంగా జాకీగా పేరు తెచ్చుకున్న డిక్ ఫ్రాన్సిస్, 1962 మొదలు పందేల చుట్టూ నేరపరిశోధన నవలలు వ్రాశాడు. నేను హైదరాబాదులో ఉద్యోగం చేసిన రోజుల్లో మలక్‌పేట రేసులకు వెళ్ళే సహోద్యోగులు ఆయన నవలలు ఒకరి దగ్గర ఒకరు తీసుకుని చదివేవారు. ఆ నవలల్లో రౌతు గెలుస్తాడా, దొంగ దొరుకుతాడా అన్నదే ఆసక్తి. పందెం ముగిశాక గుర్రం ఏమైపోయిందన్న ప్రశ్నను వాళ్ళందరికంటే ముందు, 1877లోనే అడిగినది అన్నా స్యూయెల్.

బాల్యం, ప్రమాదం

అన్నా 1820 మార్చి 30న ఇంగ్లండు తూర్పుతీరాన నార్ఫోక్ జిల్లాలోని గ్రేట్ యార్మత్‌లో పుట్టింది. వాళ్ళది క్వేకర్ కుటుంబం. ఆడంబరం లేకుండా బతకాలి, ఏ ప్రాణినీ హింసించకూడదు అన్నవి ఆ శాఖ క్రైస్తవుల నియమాలు. తండ్రి ఐజాక్ బట్టల వ్యాపారం పెట్టి నష్టపోయాడు. సంసారం లండనుకు మారింది. అక్కడా నిలదొక్కుకోవడం కష్టమైంది. తల్లి మేరీ తన ఇద్దరు పిల్లలకు, అంటే అన్నాకూ తమ్ముడు ఫిలిప్‌కూ, ఇంటి దగ్గరే చదువు చెప్పింది. సెలవులకు నార్ఫోక్‌లోని అమ్మమ్మ తరఫు బంధువుల పొలాలకు పంపేవారు. అన్నా గుర్రపు స్వారీ నేర్చుకున్నది అక్కడే.

పధ్నాలుగో ఏట ఒకనాడు బడినుంచి ఇంటికి వస్తుంటే వాన పట్టుకుంది. పరుగెత్తబోయి జారిపడింది. రెండు చీలమండలూ దెబ్బతిన్నాయి. సరైన వైద్యం జరగలేదో, ఆనాటి వైద్యమే అంతో, మళ్ళీ ఆమె మామూలుగా నడవలేకపోయింది. నాలుగడుగులు వేస్తే నొప్పి. ఎక్కువ సేపు నిలబడలేదు.

కాళ్ళు సహకరించని ఆ పిల్లకు గుర్రమే కాళ్ళయింది. తండ్రికి 1836లో బ్రైటన్ పట్టణంలో బ్యాంకు మేనేజరు ఉద్యోగం దొరికింది. తరువాత వాళ్ళు లాన్సింగ్ అనే ఊరికి మారినప్పుడు, తండ్రిని రైలు స్టేషనుకు దిగబెట్టడం, తిరిగి ఇంటికి తీసుకురావడం అన్నా పని. చిన్న బండికి పోనీ గుర్రాన్ని కట్టి తనే తోలేది. కొరడా ఝళిపించకుండా, పగ్గాలు గుంజకుండా, నోటిమాటతోనే గుర్రాన్ని నడిపేదని ఆమెను ఎరిగినవారు చెప్పారు. రోజూ గుర్రం వెనుక కూర్చునే మనిషికి దాని బాధ తెలియకుండా ఉండదు గదా!

తల్లీ కూతుళ్ళు

ఆమె తల్లి మేరీ స్యూయెల్ సంగతి మన పెన్షనర్లు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. 1797లో పుట్టిన ఆమె అరవై దాటాక కవయిత్రిగా పేరు తెచ్చుకుంది. సామాన్యులకు అర్థమయ్యే కథాగేయాలు వ్రాసింది. 1860లో వచ్చిన 'మదర్స్ లాస్ట్ వర్డ్స్' పది లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. తల్లి వ్రాసిన ప్రతి పంక్తినీ మొదట విని తప్పొప్పులు చెప్పేది అన్నాయే. కూతురు ఒప్పుకోకపోతే తల్లి ఆ పంక్తి మార్చేది.

గ్లాస్టర్‌షైర్‌లోని విక్ గ్రామంలో ఉన్న రోజుల్లో తల్లీ కూతుళ్ళు కూలీల కోసం సాయంకాలం బడి నడిపారు. పగలంతా పనిచేసి వచ్చిన మగవాళ్ళకు చదవడం, వ్రాయడం నేర్పారు. కష్టం చేసుకునేవాడి భాష ఏమిటో, ఏ మాట చెబితే అతడు వింటాడో, ఏ మాటకు మనసు ముడుచుకుంటాడో అన్నాకు అక్కడ బాగా తెలిసివచ్చి ఉంటుంది. ఆమె నవల చదివితే ఆ సంగతి కనిపిస్తుంది.

తమ్ముడు ఫిలిప్ భార్య ఏడుగురు పిల్లలను వదిలి మరణించగా, అతనికి తోడుగా ఉందామని 1867లో ఈ కుటుంబం నార్విచ్ పక్కన ఓల్డ్ కాటన్ అనే ఊరికి మారింది. ఫిలిప్ దగ్గర బెస్ అనే నల్లని ఆడగుర్రం ఉండేది. నవలలోని నల్లగుర్రానికి అదే మూలమని అంటారు.

ఆరేళ్ళ రచన

1871 నాటికి అన్నా ఇల్లు కదలలేని స్థితికి వచ్చింది. ఏడాదిన్నర కంటే బతకదని వైద్యులు చెప్పారట. ఆ ఏడాది నవంబరులోనే, తాను ఒక గుర్రం జీవితచరిత్ర వ్రాస్తున్నట్టు డైరీలో వ్రాసుకుంది. అప్పటికి ఆమెకు 51 ఏళ్ళు. పుస్తకం ముగిసేసరికి 57. మా రోజుల్లో ప్రభుత్వోద్యోగి 58 ఏళ్ళకు ఇంటికి వచ్చేవాడు. ఇక మన పని అయిపోయిందనుకునే వయసుకు ఆమె తన జీవితంలోని ఏకైక పని పూర్తి చేసింది.

సోఫా మీద పడుకునే ఆ ఆరేళ్ళూ వ్రాసింది. కొన్నాళ్ళు పెన్సిలు పట్టే ఓపికా ఉండేది కాదు. అప్పుడు ఆమె చెబుతుంటే తల్లి వ్రాసుకునేది. ఓపిక వచ్చిన రోజున చిన్న చిన్న కాగితపు ముక్కల మీద పెన్సిలుతో వ్రాసి ఇస్తే, ఎనభయ్యో పడికి దగ్గరపడుతున్న తల్లి వాటిని శుభ్రప్రతి తీసేది. దస్త్రాలకు శుభ్రప్రతులు తీసిన మనకు ఆ శ్రమ ఎలాంటిదో తెలుసు. ఒకనాడు తల్లి రచనలు దిద్దిన కూతురికి, ఈనాడు తల్లే గుమాస్తా అయింది.

నార్విచ్‌లోని జారల్డ్ ప్రచురణ సంస్థ 40 పౌన్లు ఏకమొత్తంగా ఇచ్చి ఆ నవల కొనుక్కున్నది. 1877 నవంబరులో అచ్చయింది.

నవలలో ఏముంది?

కథంతా గుర్రమే చెబుతుంది. గుర్రాల భాషనుంచి అనువదించినట్టుగా పుస్తకం మొదటి పేజీలో చమత్కరించింది కూడా. ఈ గుర్రం మంచి జాతిది. తాతగుర్రం న్యూమార్కెట్ పందేల్లో రెండేళ్ళు కప్పు గెలిచింది. ఇంకా పిల్లగా ఉండగానే అది ఒక వేట చూస్తుంది. కుక్కలు, గుర్రాలు, దొరలు అంతా కలిసి ఒక్క కుందేలు వెంటపడతారు. వాగు దాటబోయి గుర్రాలు పడతాయి. ఒక యువకుడు మెడ విరిగి చనిపోతాడు. కాలు విరిగిన గుర్రాన్ని తుపాకితో కాల్చేస్తారు. అది తన అన్నేనని మన నల్లగుర్రానికి తరువాత తెలుస్తుంది.

దీని స్నేహితురాలు జింజర్ అనే ఎర్రగుర్రం కథ మరీ విషాదం. యజమాని కొడుకు జార్జి దొర దానిని అడ్డంకులు దూకే పందెంలో తోలుతాడు. గుర్రం ఒళ్ళు బాగాలేదని సాహిణి చెప్పినా వినడు. పౌరుషం గల గుర్రం కాబట్టి ప్రాణం పెట్టి పరుగెత్తి మొదటి మూడింటిలో ఒకటిగా వస్తుంది. కాని ఊపిరి దెబ్బతింటుంది, నడుము బెణుకుతుంది. అక్కడినుంచి చేతులు మారి మారి లండనులో అద్దెబండికి చేరి, చివరకు నల్లగుర్రం కళ్ళముందే ఒక శవమై బండిమీద వెళ్ళిపోతుంది. పందెం చూసి చప్పట్లు కొట్టినవాళ్ళకు ఈ సంగతి తెలియదు. తెలియజెప్పడానికే అన్నా స్యూయెల్ ఈ నవల వ్రాసింది.

ఆనాడు ధనికుల బండ్లకు బేరింగ్ రెయిన్ అనే పగ్గం కట్టేవారు. కళ్ళెం నుంచి వీపు మీది పట్టాకు బిగించి కడితే గుర్రం తల దించలేదు. తల ఎత్తుకుని ఠీవిగా కనిపిస్తుందని ఫ్యాషను. బరువు లాగే జంతువు, ముఖ్యంగా ఎత్తు ఎక్కేటప్పుడు, తల ముందుకు వంచి ఒంటి బరువంతా వేసి లాగుతుంది. తల కట్టేస్తే ఆ వీలుండదు. నడుము మీద భారం పడుతుంది, ఊపిరి ఆడదు, నోరు పుండవుతుంది. ఈ దురాచారాన్ని ఆమె ఉపన్యాసంతో ఖండించలేదు. ఆ పగ్గం ఒక్కొక్క రంధ్రమే బిగుస్తుంటే ఎలా ఉంటుందో గుర్రం చేతనే చెప్పించింది.

నన్ను కదిలించినది మరొకటి ఉంది. బండివాళ్ళను ఆమె దుర్మార్గులుగా చిత్రించలేదు. శామ్ అనే బండివాడు రోజుకు 18 షిల్లింగులు అద్దె కట్టాలి. అది వచ్చేదాకా తనకు పైసా మిగలదు. రోజుకు పధ్నాలుగు, పదహారు గంటలు తిరగాలి. ఇంట్లో పిల్లలు ఆకలితో ఉంటే గుర్రం అలసటను చూసే తీరిక అతనికెక్కడిది? కొన్నాళ్ళకు అతడూ జబ్బుపడి చచ్చిపోతాడు. జెర్రీ బార్కర్ అనే ఉత్తముడైన బండివాడిని, పేకాట మధ్యలో లేవని పెద్దమనుషులు చలిరాత్రి వీధిలో గంటలకొద్దీ నిలబెడితే రొమ్ము జబ్బు చేస్తుంది. గుర్రం కష్టం, మనిషి కష్టం వేరువేరు కావని, రెండూ పైవాళ్ళ పట్టనితనం వల్లనే వస్తాయని ఆమె అభిప్రాయం. దినబత్తెం అద్దె కట్టి ఆటో నడిపే మన కుర్రవాళ్ళను చూసినప్పుడు నాకు ఆ శామ్ గుర్తుకు వస్తాడు.

కథ సుఖాంతమే. ముసలిదైన నల్లగుర్రాన్ని సంతలో ఒక దయగల రైతు, మనవడి మాట మీద కొంటాడు. ఆఖరుకు ముగ్గురు అక్కచెల్లెళ్ళ ఇంట, పాత పరిచయస్థుడైన సాహిణి చేతుల్లో, ఇక ఎన్నడూ అమ్మబోమన్న హామీతో దానికి విశ్రాంతి దొరుకుతుంది. అంటే, పింఛను మంజూరైందన్నమాట!

మరణం, ఆ తరువాత

1878 ఏప్రిల్ 25న అన్నా మరణించింది. పుస్తకం జనం చదవడం మొదలుపెట్టిందని మాత్రం తెలుసుకోగలిగింది. శవపేటికను తీసుకువెళ్ళే బండి వాకిట్లోకి వచ్చినప్పుడు, దాని గుర్రాలకు బేరింగ్ రెయిన్లు బిగించి ఉండడం తల్లి కిటికీలోంచి చూసిందట. అంత దుఃఖంలోనూ ఆమె బయటికి వచ్చి, అవి విప్పించాకనే బండి కదలనిచ్చిందని చెబుతారు. లామాస్ గ్రామంలోని క్వేకర్ శ్మశానంలో అన్నాను పూడ్చారు. తల్లి మరో ఆరేళ్ళు బతికి 1884లో పోయింది.

1890లో అమెరికాలోని బోస్టన్‌లో జంతుసంరక్షణకు పాటుపడిన జార్జి ఏంజెల్ ఈ నవలను చౌకగా అచ్చువేయించి బండివాళ్ళకు, గుర్రపుశాలల్లో పనివాళ్ళకు పంచిపెట్టాడు. నీగ్రో బానిసల విముక్తికి 'అంకుల్ టామ్స్ కేబిన్' ఎలాంటిదో గుర్రాలకు ఇది అలాంటిదని ప్రచారం చేశాడు. ఎవరి చేతుల్లో పగ్గాలుంటాయో వాళ్ళ కోసం అన్నా వ్రాసిన పుస్తకం, ఆ విధంగా వాళ్ళ చేతుల్లోకే వెళ్ళింది. బేరింగ్ రెయిన్ మీద జనాభిప్రాయం మారడానికి ఈ నవల ఎంతో తోడ్పడింది. నేటికి దీని ప్రతులు అయిదు కోట్ల దాకా అమ్ముడై ఉంటాయని అంచనా.

మన దేశంలో జంతుహింస నిరోధక చట్టం 1960లో వచ్చింది. అందుకోసం అంతకు ముందే రాజ్యసభలో బిల్లు పెట్టినవారు నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్. శక్తికి మించి తోలడం, బరువు వేయడం, ముసలిదై పుండ్లుపడ్డ జంతువుచేత పని చేయించడం ఆ చట్టం ప్రకారం నేరాలు. మొదటి తప్పుకు వేసిన జరిమానా 10 రూపాయలకు తక్కువ కాకుండా, 50 రూపాయలకు మించకుండా! దస్త్రాల మధ్య బతికినవాణ్ణి గనుక ఒకటి చెప్పగలను. చట్టం కాగితం మీద ఉంటుంది, అది మనసులోకి దిగాలంటే ఒక కథ కావాలి. నా చిన్నతనంలో ఏలూరు స్టేషను బయట జట్కాల వరుసలో, కళ్ళకు గంతలతో, డొక్కలు ఎగరేస్తూ నిలబడ్డ గుర్రాలను రోజూ చూసేవాళ్ళం. వాటికీ ఒక కథ ఉంటుందని మాకు తోచలేదు. మంచం మీదినుంచి లేవలేని ఒక స్త్రీకి తోచింది.

ఈ సంచిక చదివే మిత్రులు ఆ పుస్తకం సంపాదించి తమ మనవలకు, మనవరాళ్ళకు సాయంత్రంపూట కొంచెం కొంచెంగా చెప్పవలసిందిగా నా మనవి. వేట ఘట్టం, జింజర్ కథ మాత్రం విడిచిపెట్టకండి.