దేవదాసును దాచిపెట్టిన రచయిత

దేవదాసు పేరు వినని తెలుగువాడు అరుదు. 1953 లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వమున అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి నటించిన చలనచిత్రము ఆ పేరును పల్లెపల్లెకు చేర్చినది. నాటినుండి వలచి, వలపు ఫలింపక, సీసాను ఆశ్రయించిన ప్రతి యువకుడును మన వీధులలో దేవదాసే. తరగతి గదిలో దిగులుగా కూర్చున్న పిల్లవానిని తోటివారు ఎగతాళి చేయుటకును ఆ పేరే. అయితే ఆ పాత్రను సృష్టించిన వంగ రచయిత ఆ పుస్తకమును అచ్చునకు ఈయక ఇంచుమించు పదునాఱేండ్లు మూలబెట్టెనని ఎఱిగినవారు తక్కువ. మనసు చెదరిన పడుచువాండ్ర ప్రేమకథలు నేడు అంగళ్లలో కుప్పలుగా అమ్ముడుపోవుచున్నవి. విద్యార్థులు వానిని పాఠ్యపుస్తకముల మాటున పెట్టుకొని చదువుచున్నారు. మన దేశమున అట్టి కథలకెల్ల పెద్దన్న వంటి పుస్తకమును వ్రాసిన శరచ్చంద్ర చట్టోపాధ్యాయుడు ఎట్టి బ్రతుకు బ్రతికెనో తెలిసికొన్నచో ఆ పుస్తకము వేఱుగా కనబడును.

శరచ్చంద్రుడు 1876 సెప్టెంబరు 15 వ తేదీన హుగ్లీ జిల్లాలోని దేవానందపురమున జన్మించెను. తండ్రి మోతీలాలు చదువుకొన్నవాడే కాని ఏ పనియందును నిలకడ లేనివాడు. కథలు మొదలుపెట్టును, నాటకములు మొదలుపెట్టును, దేనిని ముగింపడు. బాలుడు ఆ వ్రాతప్రతులను వెదకి చదివి, వాని ముగింపు ఎట్లుండియుండునో యని రాత్రులు నిద్ర మాని ఆలోచించెడివాడు. తండ్రినుండి అతనికి సంక్రమించిన ఆస్తి అదియొక్కటే. ఇల్లు గడవక కుటుంబము తల్లి భువనమోహిని పుట్టినిల్లయిన భాగల్పూరు చేరినది. మేనమామల యింట కట్టుబాట్లు మెండు. గోడ దాటినచో గంగ, గంగ యొడ్డున రాజేంద్రనాథుడను భయమెఱుగని స్నేహితుడు. శ్రీకాంతలోని ఇంద్రనాథునికి మూలము ఇతడే.

1894 లో ఎంట్రన్సు పరీక్ష కృతార్థత నొందినది. మఱుసటి యేడు తల్లి గతించినది. ఎఫ్.ఏ. పరీక్షకు రుసుము చెల్లింప శక్తి లేక చదువు అంతటితో ఆగిపోయినది. ఫీజు కట్టలేక బడి మానిన పిల్లలను కన్నులార చూచిన ఉపాధ్యాయులు ఈ మాట దగ్గఱ ఒక్క క్షణము ఆగక మానరు.

చదువు ఆగినను కలము ఆగలేదు. భాగల్పూరులో కొందఱు యువకులు కూడి ఛాయ అను వ్రాతపత్రికను నడిపెడివారు. నేడు మనము చదువుచున్న శరత్ నవలలు కొన్ని ఆ నాటివే. 1900 ప్రాంతమున, తాను ఇరువదియైదేండ్లవాడై, పని లేక తిరుగుచున్న దినములలో అతడు దేవదాసును వ్రాసెను.

కథ అందఱికిని తెలిసినదే. అయినను చలనచిత్రము చూచినవారికి గాయకుడు విలపించుట గుర్తుండునే కాని, ఆ విలాపమునకు కారణమేమో అంతగా గుర్తుండదు. దేవదాసు జమీందారు కొడుకు. పార్వతి పొరుగింటి పిల్ల. ఒకే బడిలో చదివి, తోటలలో ఆడి, అతనిచేత దెబ్బలు తిని, అతనికొఱకే అబద్ధములాడి పెరిగినది. వారి పెండ్లికి అడ్డు వచ్చినది ఏ దుర్మార్గుడును కాదు. పార్వతి వంశమువారు ఆడుపిల్లకు సొమ్ము పుచ్చుకొని పెండ్లి చేయు వారట. పైగా ఇరుగుపొరుగు సంబంధము తగదట. అంత చిన్న కారణము. ఒకనాటి అర్ధరాత్రి పార్వతి ఒంటరిగా దేవదాసు గదికి వచ్చి తన్ను చేపట్టుమని అడిగినది. ఆ కాలపు పల్లెలో ఒక కన్యక చేసిన ఆ సాహసమునకు ఎదురుగా నిలిచిన దేవదాసునకు తోచినవెల్ల తల్లిదండ్రులు, లోకులు, పరువు. అతడు కలకత్తాకు పారిపోయి, తన్ను మఱచిపొమ్మని అర్థము వచ్చునట్లు ఒక ఉత్తరము వ్రాసి, అది టపాలో పడిన వెనుక పశ్చాత్తాపపడెను. తిరిగివచ్చునప్పటికి పార్వతి మనసు గట్టిపడినది. కొలనుగట్టున ఆమె మాటకు మాట చెప్పగా ఓర్వలేక గాలపుకఱ్ఱతో నొసట గాయపఱచెను. ఆమె ఆ మచ్చతోడనే ఎదిగిన బిడ్డలు గల వయసు మీఱిన జమీందారునకు భార్యయై, ఆ యింటిని చక్కదిద్దినది.

ఇందు వీరుడెవరు? దేవదాసు కాడని నా దృఢాభిప్రాయము. నిర్ణయించుకొనవలసిన ఒక్క రాత్రి నిర్ణయించుకొనలేని పిఱికివాడు అతడు. తరువాతి త్రాగుడంతయు ఆ రాత్రికి వడ్డీ. రచయిత అతనిని మెచ్చుకొనలేదు. కడకు జాలి మాత్రము అడిగెను. మెచ్చుకోలు పార్వతికిని, తన వృత్తిని విడిచిన చంద్రముఖికిని చెందినది. మరణమునకు ముందు ఆమె గుమ్మమునకు వత్తునని ఇచ్చిన మాట నిలుపుకొన బండిలో వచ్చిన దేవదాసు, ఆ యింటి ముందటి చెట్టు క్రింద దిక్కులేనివానివలె ప్రాణములు విడిచెను. లోపల నున్న పార్వతికి అతడెవరో తెలియునప్పటికి అంతయు ముగిసినది. బడిపిల్లలు అనుకరింప దలచినచో ఈ చావును కూడ కలిపియే అనుకరింపవలెను గదా!

తండ్రి పోయిన తరువాత 1903 లో శరచ్చంద్రుడు బ్రతుకుతెఱువు వెదకికొనుచు బర్మాకు ఓడ ఎక్కెను. బయలుదేరుటకు ముందు మందిర్ అను కథను మేనమామ సురేంద్రనాథుని పేర కుంతలీన్ పోటీకి పంపగా దానికి బహుమానము వచ్చినది. రంగూనులో అతనికి లభించినది లెక్కల కచేరీలో గుమాస్తాగిరీ. పెద్దమనుషుల పేటను కాదని మిస్త్రీలు, కూలీలు ఉండు పేటలో కాపురము పెట్టెను. వారి ఉత్తరములు వ్రాసిపెట్టును, హోమియోపతి మందులిచ్చును, జగడములు తీర్చును. ఆ పేటలోనే ఒక బ్రాహ్మణ మిస్త్రీ తన కుమార్తె శాంతిని ఒక త్రాగుబోతునకు కట్టబెట్ట జూడగా ఆమె భయపడి శరచ్చంద్రుని గదిలో దాగినది. అతడు ఆమెనే పెండ్లాడెను. దేవదాసు చేయలేకపోయిన పని ఇది. ఆ సంసారము ఎన్నాళ్లో నిలువలేదు. ప్లేగు వచ్చి శాంతిని, పసిబిడ్డను కొనిపోయినది. కొంత కాలమునకు అతడు మోక్షద యను నామెను పెండ్లాడి, హిరణ్మయి యని పేరు పెట్టి, చదువు నేర్పెను. ఆమె తుదివఱకు తోడుండెను.

ఈలోపల స్వదేశమున ఒక విచిత్రము జరిగెను. భాగల్పూరులో విడిచివచ్చిన వ్రాతలలో బడదీదీ యను కథను 1907 లో భారతి పత్రిక అతనికి తెలియకయే ప్రకటించినది. తొలి భాగములందు రచయిత పేరు లేదు. చదువరులు అది రవీంద్రుని రచనయే యనుకొనిరి. రంగూను గుమాస్తాకు ఆ సంగతి తెలియదు. 1912 లో అతని కఱ్ఱయింటికి నిప్పంటుకొని పుస్తకములు, తాను వేసిన చిత్రములు, చరిత్రహీన్ వ్రాతప్రతి కాలిపోయినవి. ఆ నవలను అతడు మఱల మొదటినుండి వ్రాసెను. వ్రాసి పంపగా, మెస్సులో పనిచేయు సావిత్రి నాయికయైన నవల నీతికి విరుద్ధమని భారతవర్ష పత్రికవారు త్రోసివేసిరి. యమున యను చిన్న పత్రిక దానిని ఆదరించినది.

దేవదాసును అచ్చు వేయుదుమని మిత్రులు అడుగుచునేయుండిరి. అతడు ఒప్పుకొనలేదు. దానిని ప్రకటించుట తనకు ఇష్టము లేదని మిత్రుడు ప్రమథనాథునికి లేఖ వ్రాసెను. పడుచుతనపు కన్నీరు అందు మిక్కుటమైనదని పరిణతుడైన రచయితకు తోచియుండును. 1916 లో ఆరోగ్యము చెడి ఉద్యోగము వదలి హౌరాకు తిరిగివచ్చిన తరువాత ఆ పట్టు సడలినది. 1917 లో దేవదాసు వెలువడినది. ఆ యేడే చరిత్రహీన్, శ్రీకాంత మొదటి భాగము పుస్తకములైనవి. సిగ్గుపడి దాచిన చిన్న పుస్తకము పెద్ద పుస్తకములను మించి ప్రాకినది. ప్రేమకథ యనగా విషాదమే యని అతడు భావించెననుటకు మాత్రము వీలులేదు. పరిణీత, దత్త చదివినవారికి ఆ సంగతి తెలియును.

తరువాతి కాలము కీర్తితో కూడినది. 1921 నుండి హౌరా జిల్లా కాంగ్రెసునకు అధ్యక్షుడుగా నుండెను. 1926 లో వెలువడిన పథేర్ దాబీని ప్రభుత్వము మఱుసటి యేడే నిషేధించినది. రూపనారాయణ నది యొడ్డున సామతాబేడులో ఇల్లు కట్టుకొని, అక్కడి బీదలకును మందులిచ్చుచుండెను. 1936 లో ఢాకా విశ్వవిద్యాలయము డాక్టరు బిరుదమొసగినది.

తెలుగువారికి అతడు పరాయివాడుగా ఎన్నడును తోపలేదు. చక్రపాణి ప్రభృతులు తెలిగించిన నవలలు చదివి మన తల్లులు అతనిని మన ఊరివాడే యనుకొనిరి. నిష్కృతి 1957 లో తోడికోడళ్లుగాను, బడదీదీ 1961 లో బాటసారిగాను, అదే యేట దత్త వాగ్దానముగాను తెరకెక్కినవి.

శరచ్చంద్రుడు 1938 జనవరి 16 వ తేదీన కలకత్తాలో కాలేయపు క్యాన్సరుతో కన్నుమూసెను. శేషేర్ పరిచయ్ అను నవల సగములో నిలిచిపోయినది. రాధారాణీదేవి దానిని పూర్తిచేయగా 1939 లో అచ్చయినది.