జంట పాట విడిచిన గళం – సాలూరి రాజేశ్వరరావుగారు

మా బనియాస్ సాయంకాలపు తెలుగు తరగతిలో అక్షరాలు దిద్దడం ముగిశాక పిల్లల చేత ఒక పాట పాడించడం వాడుక. మిస్సమ్మ చిత్రంలోని చందమామ పాట వారికి మహా ఇష్టం. ఇంట్లో తెలుగు అంతంతమాత్రమైన పిల్లలు కూడా దానిని వరస తప్పకుండా పాడతారు. ఈ పాట వరస కట్టినది ఎవరు అని ఒకనాడు అడిగాను. పిల్లలకు తెలియదు, వారిని తీసుకుపోవడానికి వచ్చిన పెద్దలకూ తెలియదు. పాట మనింట నిలిచి, పాట చేసినవారి పేరు మరుగున పడడం న్యాయం కాదని తోచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

సాలూరి రాజేశ్వరరావుగారు 1922లో సాలూరు దగ్గరి శివరామపురంలో జన్మించారు. ఆ ఊరు నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. తండ్రి సన్యాసిరాజుగారు మృదంగ విద్వాంసులు. కనుక తాళం ఆయనకు ఉగ్గుపాలతోనే అబ్బింది. బాల్యంలోనే గ్రామఫోను రికార్డులకు పాడారు. 1935లో శ్రీకృష్ణలీలలు చిత్రంలో బాలకృష్ణుడుగా నటించి, పాడి, ఆంధ్రదేశమంతటా పేరు పొందారు. తరువాత కలకత్తాలో కొంతకాలం గడిపి, పంకజ్ మల్లిక్, సైగల్ వంటివారి గాన పద్ధతిని దగ్గరగా ఆకళించుకున్నారు.

ఆ సంస్కారంతో ఆయన తెలుగులో కొత్త దారి తీశారు. రావు బాలసరస్వతీదేవిగారితో కలసి పాడిన లలిత గీతాలు 1940 ప్రాంతంలో ఇంటింటా మారుమోగాయి. అవి సినిమా పాటలు కావు, నాటకాల పద్యాలు కావు. రాగం ఉన్నా బరువు లేని, మాట స్పష్టంగా వినిపించే చిన్న పాటలు. 1940లో వచ్చిన ఇల్లాలు చిత్రానికి సంగీతం కూర్చి, అందులో ఆమెతో పాటు తెరమీద కూడా కనిపించారు. ఆ కాలపు శ్రోతలకు వారిది విడదీయరాని జంట.

అయితే ఆ జంట పాట ఎంతోకాలం సాగలేదు. రాజేశ్వరరావుగారు మద్రాసు జెమినీ సంస్థలో జీతానికి కుదిరి, సంగీత దర్శకత్వంలో మునిగిపోయారు. బాలసరస్వతిగారు 1944లో వివాహమై కోలంక జమీందారు ఇంట అడుగుపెట్టారు, క్రమంగా సినిమాలకు దూరమయ్యారు. జనం మెచ్చిన గొంతు ఉండి కూడా రాజేశ్వరరావుగారు తాను పాడడం తగ్గించుకుంటూ వచ్చారు. పాతికేళ్లయినా నిండని గాయకునికి ఇది చిన్న త్యాగం కాదు.

కాని ఆ గళం వృథా పోలేదు. 1948లో వచ్చిన జెమినీవారి చంద్రలేఖలో కర్ణాటక, హిందూస్థానీ, పాశ్చాత్య బాణీలను ఒకచోట కలిపి మెప్పించారు. జెమినీని వదలిన పిమ్మట 1951లో వాహినీవారి మల్లీశ్వరి వచ్చింది. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి మాటలకు రాజేశ్వరరావుగారి వరసలు తోడైనవి. భానుమతిగారు, ఘంటసాలగారు ఆ పాటలకు ప్రాణం పోశారు. ఆనాటి లలిత గీతాల సున్నితం మల్లీశ్వరిలో మళ్లీ వినిపిస్తుంది. పాడే గొంతులు వేరు, పాడే తీరు మాత్రం ఆయనదే. విప్రనారాయణ, మిస్సమ్మ, చెంచులక్ష్మి, భార్యాభర్తలు, డాక్టర్ చక్రవర్తి, భక్త ప్రహ్లాద – ఆ వరుస చాలా పొడుగు.

ఆయనకు అన్నీ పూలబాటలు కావు. మాయాబజార్‌కు నాలుగు పాటల వరసలు కట్టి, మధ్యలోనే ఆ చిత్రం నుండి తప్పుకున్నారు. మిగిలిన పని ఘంటసాలగారు పూర్తి చేశారు. 1957లో చిత్రం విడుదలైంది. వెన్నెలలో పడవమీద సాగే పాటకు వరస రాజేశ్వరరావుగారిదని నేటికీ చాలామందికి తెలియదు. పేరు దక్కకపోయినా పాట బతికింది.

విధి విచిత్రం చూడండి. ఆయన కుమారుడు కోటిగారు, టి.వి. రాజుగారి కుమారుడు రాజ్‌గారు కలసి రాజ్-కోటి అనే పేరుతో మరో ప్రసిద్ధ జంట అయ్యారు. 1990లలో ఆ జంట కూడా విడిపోయింది. తండ్రి దానిని కళ్లారా చూశారు. 1999లో ఆయన కన్నుమూశారు.

మా తాత, మా తండ్రి, నేను – మూడు తరాల బడిపంతుళ్లం. అయినా నాకు తెలుగు రాయడం వచ్చింది సాయంకాలపు తరగతుల్లోనే. నా నోట 'ళ', 'ణ' ఈనాటికీ సరిగా పలకవు. నేను నేర్పిన పిల్లలు మాత్రం వాటిని చక్కగా పలుకుతారు. మొదట్లో ఇది నాకు సిగ్గుగా ఉండేది. రాజేశ్వరరావుగారి జీవితం చదివిన తరువాత ఆ సిగ్గు పోయింది. మన గొంతు ఆగినచోట మరొక గొంతు అందుకుంటే చాలును గదా!

కనుక తల్లిదండ్రులకు నాదొక మనవి. మీ బిడ్డ ఆ చందమామ పాట పాడినప్పుడు, వరస కట్టినవారి పేరు కూడా చెప్పండి. వీలైతే ఒక సెలవునాటి సాయంత్రం ఆ పాత రికార్డులలో ఒకదానిని ఇంటిల్లిపాదీ కూర్చుని వినండి. అందులో ఉన్నది పద్దెనిమిదేళ్ల ప్రాయపు రాజేశ్వరరావుగారి సొంత గొంతు.