విజయమున దుఃఖమును చూచిన రాజు

సారనాథమునందలి అశోకస్తంభముయొక్క సింహశిఖరము 1950 జనవరి 26వ తేదీనుండి భారతదేశమునకు రాజముద్రగా వెలయుచున్నది. నాణెములపైనను ప్రభుత్వపు కాగితములపైనను దానిని చూడనివారుండరు. ఆ స్తంభమును నిలిపిన ప్రభువు ఎన్ని దేశముల నేలెనో పాఠ్యపుస్తకములు చెప్పును. అంతకంటె విశేషమైనది మరియొకటి కలదు. తాను గెలిచిన యుద్ధమునే పిమ్మట దుఃఖకారణముగా గాంచి, ఆ మారిన చూపును దాచుకొనక శిలలపై చెక్కించిన రాజులు లోకచరిత్రలో మిక్కిలి అరుదు.

అశోకుడు చంద్రగుప్త మౌర్యుని మనుమడు, బిందుసారుని కుమారుడు. పాటలీపుత్రము, అనగా నేటి పాట్నా, ఆతని రాజధాని. క్రీస్తునకు పూర్వము 268 ప్రాంతమున ఆతడు పట్టాభిషిక్తుడయ్యెను. ఆతని యౌవనమునుగూర్చిన కథలన్నియు తరువాతి బౌద్ధగ్రంథములలోనివి. తొంబదితొమ్మండుగురు సోదరులను చంపించి సింహాసన మెక్కెననియు, అందుచే చండాశోకుడను పేరు పొందెననియు, ధర్మమును స్వీకరించినపిమ్మట ధర్మాశోకు డయ్యెననియు ఆ గ్రంథములు వర్ణించును. ఇది యట్లే నమ్మదగినది కాదు. అశోకుని శాసనమొకటి ఆతని సోదరుల గృహములను, సోదరీమణుల గృహములను పేర్కొనుచున్నది. మతమహిమను వెలయింపగోరిన రచయితలు, తెలుపు మరింత తెల్లగా కనుపించుటకై వెనుక నలుపును దట్టముగా పూసిరని తోచును. చరిత్ర వ్రాయువాని చూపుకూడ చరిత్రలో కలసిపోవును గదా!

పట్టాభిషేకమై ఎనిమిది సంవత్సరములు గడచినపిమ్మట, క్రీ. పూ. 261 ప్రాంతమున, అశోకుడు కళింగముపై దండెత్తి దానిని జయించెను. నేటి ఒడిశా తీరప్రాంతము ఆనాటి కళింగమునకు ముఖ్యభాగము. ఆ యుద్ధమున లక్షమంది హతులైరి. లక్షయేబదివేలమంది స్వస్థలములనుండి తరలింపబడిరి. అంతకు అనేకరెట్లు జనము ఇతరవిధముల నశించెను. ఈ లెక్క ఓడినవారు వ్రాసినది కాదు. గెలిచిన రాజు తానే పదుమూడవ శిలాశాసనమున వ్రాయించినది.

రాజులకు ఇట్టి సంఖ్యలు సామాన్యముగా జమపద్దులు. ఎందరు కూలిరో అంత కీర్తి. ఎందరు చెరపడిరో అంత బలము. అశోకుడు ఆ పద్దునే ఖర్చువైపునకు మార్చెను. అంకె ఒక్కటియు మారలేదు. అది ఏ వైపున పడవలెనో మాత్రము మారెను. కొలువుకూటమునుండి చూచువానికి సంఖ్య మాత్రమే కనుపించును. ఇంటి గడపయొద్ద నిలిచి చూచువానికి మనిషి కనుపించును. కళింగమునను బ్రాహ్మణులు, శ్రమణులు, తల్లిదండ్రులను గురువులను సేవించు గృహస్థులు, దాసులయెడ దయగలవారు ఉండిరని ఆతనికి తోచెను. వారికి గాయమో, మరణమో, ప్రియజనవియోగమో సంభవించెను. తమకు ఏ హానియు కలుగనివారు సైతము బంధుమిత్రులకు కలిగిన ఆపదచే కుమిలిరి. ఈ కడపటి మాటయే ఆ శాసనమునకు ప్రాణము. పోయినవారిని ఎవరైనను లెక్కింతురు. మిగిలినవారి దుఃఖమును లెక్కలోనికి తెచ్చిన ప్రభువు లెందరు? నాడు నశించినవారిలో నూరవవంతు, వేయవవంతు నశించినను ఇకమీదట తనకు భారమేయని ఆతడు తెలిపెను.

ఈ మార్పు ఒక్కరాత్రిలో జరిగినదని కథకులు చెప్పుట పరిపాటి. అశోకుడు అట్లు చెప్పుకొనలేదు. తాను రెండున్నర సంవత్సరములకు పైగా ఉపాసకుడై యుండియు మొదటి యేడు అంతగా శ్రద్ధ చూపలేదనియు, సంఘమునకు సన్నిహితుడైనపిమ్మటనే గట్టిగా యత్నించితిననియు చిన్నశిలాశాసనమున ఒప్పుకొనెను. పూర్వరాజులు వేటకై విహారయాత్రలు సలుపగా, ఈతడు పదియవ సంవత్సరమున బోధివృక్షమున్న తావునకు పోయి, అదిమొదలు పల్లెప్రజలను చూచుటకై ధర్మయాత్రలు సాగించెను. మనుష్యులకును పశువులకును వైద్యము, మూలికల పెంపకము, బాటలవెంట చెట్లు, బావులు ఏర్పరచెను. భుజించుచున్నను అంతఃపురమున నున్నను ప్రజల కార్యమును తనకు నివేదింపవలెనని ఆజ్ఞ యిచ్చెను.

కర్నూలు జిల్లాలో గుత్తికి సమీపముననున్న ఎర్రగుడి గుండ్లపై ఆతని శిలాశాసనములు కలవు. అందు రజ్జుకులను అధికారులు పేర్కొనబడిరి. రజ్జువనగా త్రాడు, భూమిని త్రాటితో కొలిపించు అధికారులకు ఆ పేరు వచ్చెనని పండితుల అభిప్రాయము. మావటివాండ్రు, బ్రాహ్మణులు మొదలగువారితోపాటు కరణకులు, అనగా వ్రాయసగాండ్రు, అక్కడ ప్రస్తావింపబడిరి. తల్లిదండ్రులయెడ విధేయత, ప్రాణులపై దయ, సత్యము అనువానిని ప్రజలకు బోధించు పని వీరికి అప్పగింపబడెను. గొలుసును దఫ్తరమును పట్టిన చేతులకు ఇంతటి పని గలదని ఆనాటి ప్రభువు తలచుట గమనింపదగినది.

కళింగమున ధౌలియందును, గంజాము జిల్లాలోని జౌగఢయందును ఆతని శాసనములు చెక్కబడెను. అచ్చట ఈ పదుమూడవ శాసనము లేదు! ఎవరిపై యుద్ధము జరిగెనో వారికే ఆ పశ్చాత్తాపము వినిపింపబడలేదు. గాయమింకను మానని ఇంటిముందు ఆ సంఖ్యలను చదివించుట తగదని యెంచెను కాబోలు. దానికి బదులు అచ్చటి అధికారులకు రెండు ప్రత్యేకశాసనములు వ్రాయించెను. ప్రజలందరు తనకు బిడ్డలవంటివారని వానిలో తెలిపెను. నిరపరాధులు చెరలో పడకుండ చూడుడనియు, అసూయ, కోపము, కాఠిన్యము, తొందరపాటు, సోమరితనము, అలసట అనునవి న్యాయమును చెరచుననియు హెచ్చరించెను. అలసటకూడ దోషమే యని పసిగట్టినవాడు కచ్చేరీలను బాగుగ నెరిగినవాడే యని చెప్పవలెను.

పట్టాభిషేకమై ఇరువదియాఱు వత్సరములు గడచినపిమ్మట వెలువడిన స్తంభశాసనములలో మూడవది మరియు లోతైనది. మనుష్యుడు తాను చేసిన మంచిని చూచుకొని మురియునేగాని, తనలోని చెడుగును చూడజాలడనియు, అట్టి ఆత్మపరీక్ష మిక్కిలి కష్టమనియు దాని భావము. క్రౌర్యము, కోపము, గర్వము, ఈర్ష్య అనువానిచే తాను పాడగుటలేదు గదా యని ప్రతివాడును విచారింపవలెను. మతవిషయమునను ఆతని మార్గ మిదియే. తన మతమును పొగడి పరమతమును తెగడువాడు తన మతమునకే హాని చేయునని పండ్రెండవ శాసనము తెలుపును.

అట్లని ఆతని చూపు అన్నివైపులకు ప్రసరించెనని అనజాలము. కళింగమును విడిచిపెట్టెననిగాని, తరలింపబడిన జనమును తిరిగి పంపెననిగాని ఏ శాసనమును చెప్పదు. పశ్చాత్తాపమును వెల్లడించిన ఆ శాసనములోనే, అడవిజాతులవారు ఒదిగియుండనిచో దండించు శక్తి తనకు గలదని బెదరించెను. మరణశిక్షను ఎత్తివేయలేదు, శిక్షపడినవారికి మూడు దినముల గడువు మాత్రము ఇచ్చెను. రాజపాకశాలయందు నిత్యము అనేకజంతువులను వధించుట మాని, రెండు నెమిళ్లకును ఒక లేడికిని తగ్గించెను. తగ్గించితినని చెప్పి, మిగిలినదానిని దాచలేదు. ఆతని మాటలు నమ్మదగినవని తోచుటకు ఈ చిన్నలెక్కయే పెద్దసాక్ష్యము.

క్రీ. పూ. 232 ప్రాంతమున అశోకుడు మరణించెను. కడపటి దినములలో అధికారము మంత్రులచేతికి పోగా, సంఘమునకు దానమిచ్చుటకు ఆ చక్రవర్తికి అర్ధఖండమగు ఉసిరికకాయ మాత్రము మిగిలెనని బౌద్ధకథ యొకటి కలదు. పిమ్మట ఆ లిపిని చదువువారే లేకపోయిరి. పదునాల్గవ శతాబ్దమున ఫిరోజ్ షా తుగ్లక్ రెండు అశోకస్తంభములను ఢిల్లీకి తెప్పించెనుగాని, వానిపై నేమి యున్నదో చెప్పగలవాడు దొరకలేదు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపిని చదివెను. ప్రియదర్శి యను ఆ రాజు సింహళప్రభువని ఆతడు మొదట భ్రమపడగా, సింహళచరిత్రగ్రంథముల నాధారముగా జార్జి టర్నర్ ఆ ప్రియదర్శియే అశోకుడని చూపెను. 1915లో, నాటి నైజాము రాజ్యమునందలి మస్కిలో దొరకిన శాసనమున అశోకుడను పేరే స్పష్టముగా కనుపించి సందేహము తీర్చెను.

ఎర్రగుడిలోని చిన్నశాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును నడచుచున్నవి. అచ్చటనే పదుమూడవ శాసనమును కలదు. దాని చివరిభాగమున అశోకుని ఏలుబడిలోని జాతులతోపాటు ఆంధ్రుల పేరును చెక్కబడియున్నది. కళింగులకు వినిపింపని ఆ లెక్క ఆంధ్రుల నేలపై నిలిచినది.