మూడోసారి పాసైన మెట్రిక్యులేషన్

యూనిట్ టెస్ట్ ప్రోగ్రెస్ కార్డు చూసి పిల్లల మీద కోపం వచ్చినప్పుడు ఒక్కసారి యల్లాప్రగడ సుబ్బారావు గారిని గుర్తుచేసుకోండి.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు చదువు మీద ధ్యాస తక్కువ. డబ్బు సంపాదిద్దామని ఇల్లు వదిలి కాశీకి బయలుదేరితే, తల్లి వెంకమ్మ గారు వెనక్కి రప్పించి మళ్లీ బడికి పంపారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసులోని హిందూ హైస్కూల్ నుంచి పాసయ్యారు. మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, ఎల్.ఎం.ఎస్.తోనే సరిపెట్టుకున్నారు.

ఆ తర్వాత అమెరికా వెళ్లారు. ఖర్చుల కోసం బోస్టన్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల బెడ్‌పాన్‌లు శుభ్రం చేశారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. నమూనాలో కొన్ని రసాయనాలు కలిపితే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫరస్ పెరిగేకొద్దీ రంగు చిక్కబడుతుంది. ముందే మోతాదు తెలిసిన ద్రావణం రంగుతో పోల్చి లెక్క తేలుస్తారు. మన పిల్లలు బయాలజీలో చదివే ఏటీపీని కండరాల్లో గుర్తించడానికి ఈ కొలతే దారి చూపింది.

1940లో ఆయన లెడర్లీ కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో లుకేమియా ఉన్న పిల్లలకు ఇచ్చారు. కొందరిలో ఆ జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టింది. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను డాక్టర్లు నేటికీ వాడుతున్నారు. పెద్ద డోసు ఇచ్చినప్పుడు రక్తంలో మందు ఎంత మిగిలిందో తప్పకుండా చూడాలి. ఎక్కువసేపు నిలిచిపోతే కిడ్నీలకు ప్రమాదం. అందుకు వాడే పరీక్షల్లో కెమిల్యుమినిసెన్స్ ఒకటి. ఇందులో రసాయన చర్య వల్ల పుట్టే వెలుగును యంత్రం కొలిచి, మందు ఎంత ఉందో చెబుతుంది. థైరాయిడ్ రిపోర్టుల మీద కూడా ఈ పేరు మీరు చూసే ఉంటారు.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే కన్నుమూశారు. రెండోసారి తప్పినప్పుడే ఇంట్లోవాళ్లు చదువు మాన్పించి ఉంటే ఆయన ఆ ల్యాబ్ దాకా వెళ్లేవారే కాదు.

కాబట్టి ఈసారి మార్కులు అడిగే ముందు, ఏ లెక్క దగ్గర ఆగిపోయావు నాన్నా అని అడగండి. ఆ జవాబు క్లాస్ టీచర్‌కు కూడా చెప్పండి. అక్కడి నుంచి మేము మొదలుపెడతాం.